ట్యాంకు మోసేవాడికి యజమాని ఎవరు?

ఈ సంవాదంలోని మామ, మేనకోడలు నేను కల్పించుకున్న మనుషులు. మామకు నెల్లూరు జిల్లా ఆత్మకూరులో ఎరువులు, పురుగుమందుల అంగడి ఉంది. ఉదయగిరి పక్క మెట్టలో కొంత పొగాకు కూడా వేస్తాడు. మేనకోడలు ఉదయగిరి పిల్ల. కెమిస్ట్రీ చదువుకుని జర్మనీలో ఒక రంగుల ఫ్యాక్టరీ భద్రతా విభాగంలో పనిచేస్తోంది, సంక్రాంతికి ఊరొచ్చింది. మనుషులు కల్పితమే గానీ వాళ్లు ఎత్తే చట్టాలూ సంవత్సరాలూ కల్పితం కావు. వాదన అసలే కాదు. సోమశిల నీళ్లు పారే కయ్యల్లోనూ ఉదయగిరి మెట్టల్లోనూ అది తేలకుండానే ఏటా మందు కొట్టే పని సాగిపోతోంది. తేలాలని నా కోరిక. అందుకే ఇద్దరికీ వాళ్ల వాళ్ల బలమైన మాటే ఇచ్చాను.

కోడలు: ఇందాక వచ్చినాయన పసుపు త్రికోణం ఉన్న సీసాలు రెండు తీసుకుపోయాడు మామా. రెండూ కలిపి కొట్టమని నువ్వే చెప్పావు. చేతులకు గ్లౌజులు ఉన్నాయా అని మాత్రం అడగలేదు.

మామ: ఆయన మందు కొట్టడమ్మాయ్. ఆయన రైతు. కొట్టేవాడు వేరే ఉండాడు. ట్యాంకుకి ఇంత అని మాట్లాడుకుంటారు. పొద్దున్నే అనంతసాగరం పక్క ఒకరి కయ్య, పదింటికి ఇంకొకరిది, సాయంత్రం ఆత్మకూరు దాపున మరొకరిది.

కోడలు: మరి ఆ కొట్టేవాడికి ఇందులో ఏముందో ఎవరు చెబుతారు?

మామ: సీసా మీద ఉండాది కదా. 1971లోనే రూల్సు వచ్చినాయి. ఎర్ర త్రికోణం అన్నిటికన్నా ఘోరం, దాని తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. కిలో బరువుకి యాభై మిల్లీగ్రాముల లోపే ప్రాణం తీసేదైతే ఎరుపు, ఐదొందల దాకా పసుపు, ఐదువేల దాకా నీలం, ఆ పైన ఆకుపచ్చ. చదువు రానోడికి కూడా రంగు తెలుస్తుంది. లోపల తెలుగులో కాగితం పెడతారు. ఇంతకన్నా ఏం చెయ్యాల?

కోడలు: ఆ సీసా, ఆ కాగితం రైతు ఇంటికి పోతాయి. కొట్టేవాడి ముందుకొచ్చేది బకెట్లో కలిపి పెట్టిన తెల్లటి నీళ్లు. రంగు త్రికోణం అతని కంట పడేదెప్పుడు? ఒక్కో రోజు అదీ ఉండదు. ఇద్దరు రైతులు ఒక సీసా పంచుకుని, సగం కూల్‌డ్రింకు సీసాలో పోసి పంపిస్తారు. జర్మనీలో ప్రమాదకర పదార్థాల నియమావళి అని ఒకటుంది. మొదట 1986లో వచ్చింది, 2010లో తిరగరాశారు, 2024 డిసెంబర్‌లో మళ్లీ మార్చారు. తినే వస్తువో తాగే వస్తువో అని పొరబడే పాత్రలో ఇలాంటివి పొయ్యకూడదని అందులో విడిగా రాసి ఉంది. బాగా విషపూరితమైనవి తాళం వేసి ఉంచాలి, లేదా పని తెలిసినవాళ్లకే అందేట్టు ఉంచాలి. పనిచేసేవాడికి ఇచ్చే సూచన కూడా కంపెనీ కాగితం కాదు. ఈ పని, ఈ చోటు, ఈ పదార్థం, ఇదీ ముప్పు, ఇట్లా చెయ్యి, ఒంటి మీద పడితే ఇది చెయ్యి అని యజమాని తన పనివాడి కోసం రాయించాలి, అతనికి అర్థమయ్యే భాషలో. ఆ పని మొదలుపెట్టకముందూ, తర్వాత ఏడాదికి ఒక్కసారైనా నోటితో చెప్పాలి. విన్నట్టు పనివాడు సంతకం పెట్టాలి.

మామ: చెప్పేదానికి బాగుండాది. నీ ఫ్యాక్టరీకి గేటుండాది పాపా. గేటు లోపలికొచ్చినోడు నీ మనిషి, బయటికి పోయినోడు కాదు. నా కయ్యకి గేటేది? ట్యాంకు మోసేవాడికి యజమాని ఎవురు? ఆ కయ్య ఆసామి నెల్లూరులోనో బెంగుళూరులోనో ఉంటాడు. ఈడ చేసేది కౌలుదారు. ఆయనే నా కాడ అప్పు మీద మందు తీసుకుపోతాడు. ఆయన్ని పట్టుకుని నువ్వు యజమానివి, కాగితం రాయి అంటావా? ఆ కౌలుదారు పెళ్లామే పక్కన బిందెతో నీళ్లు మోసి ట్యాంకు నింపుతా ఉంటది. ఆమె ఎవురు, యజమానా, కూలీనా?

కోడలు: ఆ ప్రశ్న మన చట్టానికీ ఉంది. 1971 నియమాల్లో రక్షణ దుస్తులు ఇవ్వాలని ఉంది, ముక్కుకి రక్షణ ఉండాలని ఉంది, మందుతో పనిచేసేవాళ్లకు వైద్య పరీక్షలు చేయించాలని ఉంది. తయారీకి మాత్రమే కాదు, వాడే పనికి కూడా.

మామ: నియమాల కన్నా పైన చట్టం ఉండాది కదా. 1968 పురుగుమందుల చట్టం, సెక్షన్ 38. చదివినావా? సొంత ఇంట్లో, పెరట్లో, తాను సాగుచేసే భూమిలో వాడుకునేవాడికి ఈ చట్టమే వర్తించదు. మాకు తరగతుల్లో చెప్పినారు. హైదరాబాద్ మేనేజ్ సంస్థ 2003లో మొదలుపెట్టిన డిప్లొమా, నలభై ఎనిమిది వారాలు. నేను ఊరికే అంగడి తెరుచుకుని కూర్చోలేదు.

ఇక్కడ నేను మధ్యలో కలగజేసుకోక తప్పడం లేదు. సెక్షన్ 38 చెడ్డ బుద్ధితో రాసింది కాదని నా నమ్మకం. వంగతోటకి మందు కొట్టుకునే చిన్న రైతు మీదికి ఇన్‌స్పెక్టర్‌ని తోలకూడదన్నది మంచి ఆలోచనే. కానీ తన భూమిలో తానే కొట్టుకునేవాడికిచ్చిన మినహాయింపు, తన భూమిలో ఇంకొకడి చేత కొట్టించేవాడికీ గొడుగు పట్టింది. మందు తయారయ్యే చోట చట్టం ఉంది, ప్యాకింగు దగ్గర ఉంది, లారీలో ఉంది, అంగట్లో ఉంది. మూత తీసే క్షణంలో లేదు. విషం మనిషి ఒంటిని తాకేది ఆ క్షణంలోనే.

కోడలు: చదవలేదు మామా, ఇప్పుడు నీ నోటే వింటున్నా. అయితే నా మాట ఇంకా గట్టిపడింది. గేటు లేకపోవడం పొలం స్వభావం అంటున్నావు. జర్మనీలో మాత్రం పొలాలకు గేట్లున్నాయా? ఫ్యాక్టరీ కూలీలకు ప్రమాద బీమా చట్టం 1884లో వచ్చింది. రెండేళ్లకే, 1886లో, వ్యవసాయ కూలీలకు కూడా తెచ్చారు. అప్పటికి వాళ్ల పొలాల్లో ట్రాక్టర్లు లేవు, గుర్రాలే. కూలీలు అప్పుడూ ఈ ఊరు కాకపోతే ఆ ఊరు పోయేవాళ్లే.

మామ: పెద్ద ధర్మాత్ములు! ఆ మందులు కనిపెట్టింది ఎవురు? గెర్హార్డ్ ష్రేడర్ అని లెవర్‌కూజెన్‌లో కూర్చుని పురుగులకి మందు వెతికినాడు, 1936లో టాబున్ అనే యుద్ధ విషం బయటపడింది. అదే దోవలో పోయి పారాథియాన్ చేసినాడు. ఈ అరల్లో ఉండే క్లోర్‌పైరిఫాస్, ప్రొఫెనోఫాస్ అన్నీ దాని సంతానమే. వాళ్ల దేశంలో వద్దనుకున్నవి కూడా తయారుచేసి బయటికి పంపిస్తారని నేను పేపర్లో చదివినా.

కోడలు: నిజం. ఐరోపాలో వాడకూడదన్నవి అక్కడే చేసి బయటికి అమ్మడం నాకూ సిగ్గనిపిస్తుంది. ఆపుతామని 2022లో వాళ్ల వ్యవసాయ మంత్రి చెం ఓజ్దెమిర్ ప్రకటించాడు. ప్రకటించడం వేరు, ఆపడం వేరు. నేను జర్మనీ వాళ్లు మంచోళ్లని చెప్పడం లేదు మామా. ఆ విషాలు వాళ్లకు వాళ్ల ఇళ్లలోనే అనుభవంలోకి వచ్చాయి. 1952 నుంచి 1954 లోపు వర్మ్స్ అనే ఊళ్లో ఒకామె పారాథియాన్‌తో ముగ్గురిని చంపింది, అందులో ఒకరికి చాక్లెట్‌లో పెట్టింది. ఆ వార్తతో దేశమంతా అదిరిపోయింది. అంత విషం అందరి చేతికీ అందే చోట ఉండకూడదన్న సంగతి వాళ్లకు మంచితనంతో తెలియలేదు, చావులతో తెలిసింది.

మామ: చావులు మనకి తక్కువా?

కోడలు: తక్కువేం కాదు. వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రి లెక్క చూడు. 1997 నుంచి 2002 దాకా పురుగుమందు ఒంట్లోకి పోయి చేరినవాళ్లు 8,040 మంది. వాళ్లలో ఐదో వంతు కన్నా ఎక్కువ మంది చనిపోయారు. 2002 కేసులు విడిగా చూస్తే మూడింట రెండొంతులు ముప్పై ఏళ్ల లోపువాళ్లే, చాలావరకు తామే తాగినవాళ్లు. ఏ మందో తెలిసిన చావుల్లో మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్ రెండే ఎక్కువ. ఎండోసల్ఫాన్‌ని సుప్రీంకోర్టు 2011లో ఆపింది. మోనో ఆగడానికి 2023 ఉత్తర్వు దాకా పట్టింది. అందులో నాకు కనబడేది ఒకటే: ఇంట్లో అటక మీద ఏ మందు ఉందన్నదాన్ని బట్టి ఆ రాత్రి కోపమో దిగులో దాటి మనిషి తెల్లారి లేచేదీ లేవనిదీ ఉంటుంది. జర్మనీ నియమం తాళం అడుగుతుందంటే అందుకే.

మామ: (కొంచెం ఆగి) అది ఒప్పుకుంటా. అయితే నువ్వు మొదలుపెట్టింది గ్లౌజులు, మాస్కు. ఆ మాటకొద్దాం. ఎడగారు వరికి మే నెలాఖరున మందు కొట్టాల. ఎండ నలభై రెండు. ఒంటికి ప్లాస్టిక్ కోటు, కాళ్లకి బూట్లు, ముక్కుకి మాస్కు, కళ్లకి అద్దాలు వేసుకుని ఇరవై లీటర్ల ట్యాంకు వీపున పెట్టుకుని బురదలో నడిచి చూడు. మందుతో పోకపోతే వడదెబ్బతో పోతాడు. నేను ఒకసారి కిట్లు తెప్పించినా. కొన్నోళ్లు లేరు. ఊరికే ఇస్తే తీసుకుపోయి దండెం మీద వేసినారు. నీ జర్మనీ నియమం చలి దేశానికి రాసిందమ్మాయ్.

కోడలు: మామా, నువ్విప్పుడు చెప్పింది ఆ నియమావళిలోనే ఉంది.

మామ: ఏందీ?

కోడలు: ఏడో సెక్షన్. ఒంటికి బరువై ఊపిరాడనివ్వని రక్షణ సరంజామాని శాశ్వత ఏర్పాటుగా పెట్టకూడదు. తప్పనిసరైనంత సేపే వాడించాలి. వాళ్ల వరసలో మాస్కు మొదటిది కాదు, చిట్టచివరిది. మొదట అడగాల్సింది, ఈ విషమే కావాలా, ఇంతకన్నా తక్కువది లేదా అని. లేదంటే, మనిషికి తగలకుండా పనిముట్టుతో చెయ్యలేమా అని. అదీ కాకపోతే, పని వేళ మార్చి, మనుషుల్ని తగ్గించి, దూరం ఉంచి చెయ్యలేమా అని. ఈ మూడూ దాటాక మిగిలిన ముప్పుకే గ్లౌజులు, మాస్కు. ఇదంతా ఆలోచించి రాసి పెట్టాకే పని మొదలు. మనం తలకిందులుగా పెట్టుకున్నాం. మొదటి మూడు ప్రశ్నలు ఎవరూ అడగరు. నాలుగోది కూలీ మీద వేసి, అతను మాస్కు కట్టుకోలేదు కాబట్టి పడిపోయాడంటాం. 2017లో మహారాష్ట్ర యవత్‌మాల్‌లో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు. అప్పుడూ కూలీలు జాగ్రత్త పడలేదన్న మాటే ఎక్కువ వినిపించింది.

మామ: ఆ ఏడో సెక్షన్ సంగతి నాకు నచ్చింది. అది మాత్రం తెలిసి రాసినోడు రాసినట్టుండాది. సరే, నీ మొదటి ప్రశ్నే చూద్దాం. తక్కువ విషం. అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల ఊరోళ్లు 2003లో పురుగుమందులు మానేశామని చెప్పినారు. వేప కషాయం, పచ్చిమిరప వెల్లుల్లి ద్రావణం. ఇప్పుడు మన ప్రభుత్వం కూడా ప్రకృతి వ్యవసాయం అంటోంది. నేను కాదనను. కానీ రైతు నా అంగడికి వచ్చేది ఎప్పుడు? దోమ పట్టి సుడులు సుడులుగా చేను ఎండిపోతుంటే వస్తాడు. రేపు పొద్దున్నే కొట్టాలంటాడు. అప్పుడు నేను వేపాకు ఉడకేసుకో అంటే పక్క అంగడికి పోతాడు. పునుకులలో ఊరంతా కలిసి మానింది. ఒక అంగడోడు మానితే ఊరు మానదు.

కోడలు: ఊరంతా కలిసి మానిందన్నావే, అది గట్టి మాట. కానీ పక్క అంగడి సంగతి చెప్పకు. చేలో నుంచి ఎండుటాకు పీక్కొచ్చి నీ బల్ల మీద పెట్టి, ఏం కొట్టమంటావని నిన్ను అడుగుతాడు రైతు. మందు ఎంచేది నువ్వు. అప్పిచ్చేది నువ్వు. రెండు కలపమని చెప్పేది నువ్వు. కౌలుదారు చేతిలో ఏముంది, కూలీ చేతిలో ఏముంది? విషాన్ని ఎంచేవాడు, ఇది ఎందుకు, ఇంతకన్నా తక్కువది ఎందుకు కాదు అని జవాబు చెప్పాలన్నదే ఆ నియమం ప్రాణం. జర్మనీలో సాగుకు వాడే మందు అమ్మాలంటే అమ్మేవాడికి అర్హత కార్డు ఉండాలి, కొనేవాడికీ ఉండాలి. కొట్టేవాడు మూడేళ్లకోసారి మళ్లీ తరగతికి పోవాలి. స్ప్రేయర్ యంత్రాన్నీ మూడేళ్లకోసారి తనిఖీ చేయిస్తారు. మన దగ్గర నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదుతారు.

మామ: ఊదుతారు. నేనూ చూసినా. పిన్నీసు వాడండ్రా అని చెప్పినా కూడా.

కోడలు: సీసాతో పాటు కొత్త నాజిల్ ఒకటి ఇస్తే ఎంతవుతుంది? అది మాస్కు కన్నా ముందు రావాల్సిన పని. ట్యాంకు కారి వీపు తడుస్తుంది, ఆ తడి చొక్కాతోనే సాయంత్రం దాకా ఉంటాడు. నీ అరల్లోని క్లోర్‌పైరిఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్లు చర్మం గుండానే పోతాయి. కంటిపాప సూదిమొనంత అయిపోయి, నోట్లో నురగ వచ్చి, చెమటలు పట్టి ఆసుపత్రికి పోయినా ఏ మందు కొట్టాడో చెప్పలేడు. సీసా రైతింట్లో ఉంది కదా. విరుగుడుగా అట్రోపిన్ ఇవ్వాలా వద్దా అన్నది డాక్టరు ఒంటి లక్షణాలు చూసి తేల్చుకోవాల్సిందే. అదే గడ్డిమందు పారాక్వాట్ అయితే దానికి విరుగుడే లేదు. ఐరోపాలో అది 2007 నుంచి లేదు. నీ అరలో ఉంది.

మామ: అడిగేవాళ్లు ఉండబట్టి ఉండాది. కలుపు తీసే ఆడోళ్లు దొరక్క గడ్డిమందు కొట్టిస్తుండారు. దాని మీద నువ్వు నన్ను ఎంత అన్నా నేను ఇప్పుడు మాటివ్వలేను. ఇంకో సంగతి చెప్తా విను. నువ్వు రూలు రూలు అంటుండావు. రూలొస్తే తనిఖీ వస్తుంది. తనిఖీ వస్తే మామూలు వస్తుంది. ఆ మామూలు నేను సీసా మీద వేస్తా, రైతు కూలీ మీద తగ్గిస్తాడు. రక్షణ మాత్రం రాదు. పొలంలో రూలు నిలవదు పాపా.

కోడలు: నిలిచింది మామా, నీ పొగాకు చేలోనే నిలిచింది.

మామ: యాడ?

కోడలు: కలిగిరిలో, డి.సి.పల్లిలో వేలానికి ఆకు తీసుకుపోతావు. ఏ మందు కొట్టకూడదో పొగాకు బోర్డు ముందే చెబుతుంది. కొనే కంపెనీలు ఆకులో మందు అవశేషాలు పరీక్ష చేయిస్తాయి. ఆకుల మధ్య గోనె పీచు ముక్క ఉన్నా ఒప్పుకోరు. వద్దన్న మందు నీ చేలో కొట్టనిస్తావా?

మామ: కొట్టనివ్వను. బేలు వెనక్కొస్తే ఏడాది కష్టం పోతుంది.

కోడలు: చూశావా? గేటు లేని చేలోకి నియమం వచ్చింది. ఇన్‌స్పెక్టర్ రాకుండానే వచ్చింది. ఎక్కడో సిగరెట్ తాగేవాడి కోసం ఆకులో విషం ఎంతుందో లెక్క చూస్తున్నారు. ఆ ఆకుకి మందు కొట్టినవాడి రక్తంలో ఎంతుందో ఎవరూ చూడరు. నాకు కోపమొచ్చేది అక్కడ.

మామ: ...

కోడలు: ఇంకోటి. సీసాలో ఉన్నదే ప్రమాదకర పదార్థం అని అక్కడ అనుకోరు. పని చేస్తుంటే పుట్టేదీ లెక్కలోకి వస్తుంది. మంచుకు తడిసిన పొగాకు కోసి చంకన పెట్టుకుని మోసే ఆడవాళ్లకు తలతిప్పు, వాంతులు వస్తాయి కదా?

మామ: వస్తాయి. కొత్తోళ్లకి ఎక్కువ. నిమ్మకాయ నీళ్లు ఇస్తారు.

కోడలు: ఆకులోని నికోటిన్ నీటిలో కరిగి చర్మంలోకి పోతుంది. దానికి పేరు కూడా ఉంది, పచ్చి పొగాకు జబ్బు. ఆకు ఆరాక కోయించడం, తడి బట్ట మార్చుకోనివ్వడం, ఇవి డబ్బుతో పని లేని మందులు. ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చేస్తారు కదా, ఎంత పేరున్న పని! జర్మనీలో ఓక్, బీచ్ చెక్కల ధూళిని క్యాన్సర్ తెచ్చేదిగా లెక్కగడతారు. గాలి ఘనపు మీటరులో రెండు మిల్లీగ్రాములు దాటకూడదంటారు. మన చెక్కలు వేరే కావచ్చు. కానీ ఆ గదుల్లో ధూళి ఎంతుందని ఎవరైనా ఒక్కసారి కొలిస్తే బాగుండును అని ఊరికి వచ్చినప్పుడల్లా అనుకుంటా.

మామ: కొలిచి ఏం చేస్తారు? చూడమ్మాయ్, నీ బాధ నాకు అర్థమైంది. నాది వేరే బాధ. పొగాకులో కొనేవాడు అడుగుతుండాడు కాబట్టి రూలు నిలిచింది. ఒప్పుకున్నా. కూలీ తరఫున అడిగేది ఎవురు? రేపు వాడు పడిపోతే ఆసుపత్రి ఖర్చు ఎవురు పెట్టుకోవాల? ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు వంద కిలోమీటర్లు. నీ దేశంలో అది తేలిన మాట. నా ఊళ్లో తేలలేదు. అది తేల్చే కాగితం చూపించు, మిగతావన్నీ నేను వింటా.

కోడలు: కాగితం ఉంది. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం. దాని రెండో షెడ్యూల్లో ఏ ఏ పనులు చేసేవాళ్లకు వర్తిస్తుందో వరసగా రాశారు. పొలాల్లో, తోటల్లో పురుగుమందులు చల్లే పని అని పేరు పెట్టి ఉంది. ఆ చట్టం ఇప్పుడు 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది.

మామ: పేరు పెట్టి ఉండాదా? ఇన్నేళ్లలో ఒక్కడూ చెప్పలేదే. సరే, అది ఎవురిని కట్టమంటుంది?

కోడలు: యజమానిని.

మామ: మళ్లీ మొదటికొచ్చినావు. యజమాని అంటే పొలంలో ఉన్న ఆ కౌలుదారు. నాకే రెండు పంటల బాకీ ఉండాడు. కూలీ పోతే ఆయన లక్షలు తెచ్చి కట్టాలంటే, ఆ ఇంట్లోనూ ఒక శవం లేస్తుంది. కూలీ ఇంటికి డబ్బూ రాదు. అందుకే ఎవరూ కేసు పెట్టరు. ఊళ్లో పెద్దమనుషులు కూర్చుని ఎంతోకొంత ఇప్పించి సర్దేస్తారు.

కోడలు: నువ్వు చెప్పిన ఈ మాట దగ్గరే జర్మనీ దోవ వేరైంది మామా. నేను ఇందాకటి నుంచి నియమాలు చెబుతూ వచ్చాను గానీ, ఆ నియమాలు నిలబడింది ఆ బీమా మీద. 1886 నుంచి రైతులంతా తలా కొంత ఒక నిధికి కట్టాలి. కూలీకి దెబ్బ తగిలితే ఎవరి తప్పు అని చూడరు. వైద్యం, పింఛను నిధి నుంచి వస్తాయి. ఆ ఒక్క రైతు మీద దావా పడదు. రైతు భార్యాపిల్లలు పనిచేస్తున్నా నిధి చూసుకుంటుంది. నీళ్లు మోసే ఆమె ఎవరని అడిగావే, ఆ ప్రశ్న అక్కడ రాదు. ప్రమాదాలు పెరిగితే నిధికి నష్టం. అందుకని నిధే తన మనుషుల్ని పొలాలకు పంపుతుంది, యంత్రం చూస్తుంది, నేర్పుతుంది. తనిఖీకి వచ్చేవాడు డబ్బు కట్టేవాళ్ల మనిషి. వాడికి మామూలు ఇచ్చి ప్రమాదం దాస్తే మునిగేది కట్టేవాళ్లే.

మామ: ఇది ముందు చెప్పొచ్చు కదా. గ్లౌజుల కాడ మొదలుపెట్టినావు.

కోడలు: కళ్లకు కనబడింది అదే కాబట్టి.

మామ: తలా కొంత అంటే ఈడ రైతు కాడ నుంచి రాదు. సీసా మీద వెయ్యాల. ఏ పంటకైనా సీసా నా బల్ల దాటి పోవాల్సిందే. సీసాకి రెండు రూపాయలు అనుకో. ఒక్క ఆత్మకూరులోనే సీజనుకి ఎన్ని సీసాలు పోతాయో నాకు తెలుసు. ఎర్ర త్రికోణానికి ఎక్కువ, ఆకుపచ్చకి ఏమీ లేకుండా పెడితే నీ మొదటి ప్రశ్న కూడా దానంతట అదే వస్తుంది. రైతు తక్కువ విషందే అడుగుతాడు.

కోడలు: కంపెనీ కట్టాలి మామా, రైతు కాదు.

మామ: ఎవురు కట్టినా ధరలో కలుస్తుంది, అది వదిలెయ్యి. ఆ డబ్బు ఎవురి చేతిలో పెడతావు? దానికి జవాబు చెప్పు. సర్కారు ఖాతాలో పడితే కూలీ చేతికి ఎప్పటికొస్తది?

కోడలు: పొగాకుతో మొదలుపెట్టొచ్చు. వేలంలో అమ్మిన రైతు దగ్గరా, కొన్న కంపెనీ దగ్గరా బోర్డు రుసుము తీసుకుంటూనే ఉంది. వసూలుకు దోవ ఉంది, రైతుల పేర్లున్నాయి, బ్యారన్ల లెక్కుంది. కూలీ పేరు ఒక్కటే లేదు. ఆ పేరు రాసే చోటు ఒకటి పెట్టాలి.

మామ: వరికి ఏ బోర్డు ఉండాది? మినుముకి? బత్తాయికి?

కోడలు: లేదు. వరికి జవాబు నా దగ్గర లేదు. నీ దగ్గరే ఉంటుందనుకున్నా.

మామ: నా కాడ ఉండేది అంగడి. సరే, ఒక పని చేస్తా. మందుకొచ్చిన రైతుని కొట్టేది ఎవురని అడుగుతా. ఆ కొట్టేవాణ్ణే పంపమంటా. రంగు చూపించి, ఏం కలుపుతుండాడో, వీపు తడిస్తే ఏం చెయ్యాలో చెప్తా. పాత నాజిల్ తెస్తే కొత్తది ఇస్తా, దాని డబ్బులు నేను చూసుకుంటా. గడ్డిమందు ఆపుతానని మాత్రం చెప్పను. ఇంకోటి, వాడి చేత సంతకం పెట్టించమని అడగబాకు. మన ఊళ్లో సంతకం పెట్టించుకుంటే తప్పు వాడి మీదికి నెట్టేదానికే. వాడికీ తెలుసు అది.

కోడలు: సంతకం అతనిది వద్దు. నీది కావాలి. ఏ రోజు, ఏ మందు, ఎవరికి, ఎందుకు ఇదే ఇచ్చావు, ఏం చెప్పావు. కింద నీ సంతకం. ఆ చీటీ కూలీ జేబులో ఉండాలి. ఆసుపత్రికి పోతే డాక్టరు చేతికి అదే.

మామ: నాదా? రేపు కేసైతే ఆ చీటీ పట్టుకుని నా మీదికే వస్తారు.

కోడలు: రావాలి.

మామ: నిధి లేకుండా నా ఒక్కడి మీదికి వస్తే నేను ఆ కౌలుదారు మాదిరే మునుగుతా. నిధి పెట్టించు, చీటీ రాస్తా.

కోడలు: చీటీలు లేకపోతే ఎంతమందికి ఏమైందో లెక్క ఉండదు. లెక్క లేకపోతే నిధి ఎవరు పెడతారు? ముందు చీటీ.

మామ: ముందు నిధి.

కోడలు: పోనీ, కేసు సంగతి పక్కన పెట్టు. డాక్టరు కోసమన్నా రాస్తావా, మందు పేరు, రెండు కలిపితే రెండు పేర్లు, రంగు, తేదీ?

మామ: ఎందుకు ఇదే ఇచ్చావు అన్న గడి లేకుండా అయితే రాస్తా.

కోడలు: ఆ గడి కోసమే ఇంతసేపు మాట్లాడా మామా.

మామ: తెలుసు. అయినా ముందు నువ్వు రాసుకురా, గడితోనే రాసుకురా. చదివి చెప్తా.